వసంతాలాడిన పందిట్లో వీడ్కోలు
(పాట, ఋతువు, చరిత్ర: ధారావాహిక, ఏడవ భాగం)

తెలుగులో వసంతం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది చైత్ర వైశాఖ మాసాల ఋతువు. రెండవది పసుపు, సున్నం కలిపిన నీళ్ళు. ఆ రెండూ కలవగానే ఎర్రగా మారే ఆ రంగునీటిని ఒకరి మీద ఒకరు చల్లుకోవడాన్నే వసంతాలాడుకోవడం అంటారు. పెళ్ళి అయిదు రోజులు సాగిన కాలంలో చివరి రోజున వియ్యాలవారి మధ్య వసంతాలాట జరిగేది; తిరునాళ్ళలో తేరు లాగిన తరువాత, ఉత్సవాలు ముగింపుకు వచ్చిన రోజున, వసంతోత్సవం నేటికీ జరుగుతున్నది. ఋతువుగా వసంతం సంవత్సరానికి మొదలు కాగా, వేడుకగా వసంతం ముగింపుకు గుర్తు. రంగునీళ్ళు చల్లుకున్నాక బంధువులు మూటలు కట్టుకునేవారు, పందిరి విప్పేవారు, పెళ్ళికూతురు పుట్టినిల్లు విడిచేది. వసంతం, వీడ్కోలు ఒకే చోట కలిసిన సందర్భం తెలుగువారి జీవితంలో ఏదైనా ఉంటే అది ఈ పెళ్ళిపందిరే.

వసంతాన్ని, పూలు రాలడాన్ని, వీడ్కోలును కలిపి పాడే సంప్రదాయం నేటి ప్రపంచంలో జపాన్‌లో కనిపించినంత బలంగా మరెక్కడా కనిపించదు. అక్కడ ఏటా మార్చి నెలలో చదువు ముగించి వెళ్ళే పిల్లల కోసం, ఊరు విడిచే యువకుల కోసం, సకురా చెట్ల పేరు మీద రాక్ బృందాలు కట్టిన పాటలు ఇంటింటా వినిపిస్తాయి. ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు ప్రధాన వాద్యాలుగా, గట్టి దరువుతో సాగే పాటను రాక్ అంటారు. అలాంటి పాటకు ఒక పువ్వు, ఒక నెల, ఒక వీడ్కోలు ఎలా అతుక్కున్నాయో, అదే వీడ్కోలు అనంతపురం జిల్లా పడమటి అంచున ఉన్న గుమ్మఘట్ట వంటి కరువు నేలలో వసంత ఋతువును ఎందుకు అంటుకోలేదో పరిశీలించడం ఈ భాగం ఉద్దేశం. కారణం పువ్వులో లేదని, క్యాలెండరులో ఉందని చరిత్ర చెబుతున్నది.

గుమ్మఘట్ట రాయదుర్గం ప్రాంతంలోని మండల కేంద్రం. కర్ణాటక నుంచి వచ్చే వేదవతి నదిని ఇక్కడివారు హగరి అంటారు; ఆ నది మీద భైరవానితిప్ప వద్ద ఆనకట్ట కట్టారు. నైరుతి ఋతుపవనాల మేఘాలు పడమటి కనుమల మీదే తమ బరువు దింపుకుని రావడం వల్ల, ఈశాన్య ఋతుపవనాలకు తూర్పు సముద్రం దూరం కావడం వల్ల, ఈ పీఠభూమికి రెండు వైపుల వానా సరిగా అందదు. జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, అది కూడా ఏ ఏడు ఎప్పుడు పడుతుందో తెలియదు. ఇలాంటి నేలలో వసంతమంటే తోటలు, కొలనులు, మలయమారుతం కావు. మాఘం దాటగానే పొలాలు బోడిగా ఎండి ఉంటాయి. పచ్చదనం కనిపించేది వేపచెట్టు మీద, కానుగచెట్టు మీద, చింత చిగురులో మాత్రమే. వేపపూత తెల్లగా, చీమ తలంత చిన్నదిగా, దగ్గరకు పోతే తేనె వాసన వేస్తూ రాలుతుంది. చెట్టు కింద పాత చీర పరచి, రాలిన పూతను ఆడవాళ్ళు పోగుచేసి, చెరిగి, నీడన ఆరబెట్టి, ఏడాది పొడుగునా చారులోకి వాడుకుంటారు. ఉగాది నాడు తెలుగు ఇళ్ళలో పచ్చడిగా, కన్నడ ఇళ్ళలో బేవు బెల్లంగా, అంటే వేపపూత బెల్లంగా, ఆ పూతే నోటికి వస్తుంది. రాలిన పువ్వును చూసి కంటనీరు పెట్టుకునే అలవాటు ఇక్కడ లేదు. రాలిన పువ్వు ఇక్కడ వంటింటి సరుకు.

ఈ ప్రాంతపు పాటలను అర్థం చేసుకోవాలంటే దాని పాలన చరిత్ర కొంత తెలియాలి. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదిలిన దత్తమండలాలలో ఇది భాగం. 1882లో బళ్ళారి జిల్లా నుంచి అనంతపురం జిల్లా విడివడినప్పుడు రాయదుర్గం తాలూకా బళ్ళారిలోనే ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలతో పాటు అది ఇటువైపు వచ్చింది. అందువల్ల ఈ ఊళ్ళ పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో, నాటకాలలో రెండు భాషలు పక్కపక్కనే నడిచాయి. తెలుగువారు వసంతాలు అన్నదాన్నే కన్నడిగులు ఓకుళి అంటారు, సరిహద్దు ఊళ్ళలో రెండు మాటలూ చెల్లుతాయి.

రంగునీళ్ళ వేడుకకు ఈ నేల మీద పాత సాక్ష్యమే ఉంది. 15వ శతాబ్దం తొలి భాగంలో విజయనగరాన్ని చూసిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి, ఒక పండుగలో వీధుల వెంట కుంకుమపువ్వు కలిపిన నీళ్ళు ఉంచి వచ్చేపోయేవారి మీద, చివరకు రాజు మీద, రాణి మీద కూడా చల్లేవారని, దాన్ని అందరూ నవ్వుతూ స్వీకరించేవారని రాశాడు. శ్రీకృష్ణదేవరాయలు సంస్కృతంలో రచించిన జాంబవతీ పరిణయం అనే నాటకం విరూపాక్షస్వామి వసంతోత్సవ సందర్భంలో ప్రదర్శించడానికే పుట్టింది. అంతకు ముందే కొండవీటిలో కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలను ఎంత వైభవంగా జరిపాడంటే కర్పూర వసంతరాయడు అనే బిరుదు ఆయన పేరుకు అంటుకుపోయింది. శ్రీనాథుని హరవిలాసాన్ని అంకితం పొందిన అవచి తిప్పయ్యసెట్టి కుటుంబం సముద్ర వ్యాపారంలో తెచ్చిన కర్పూరం వంటి పరిమళద్రవ్యాలకు అలాంటి ఉత్సవాలే గిరాకీ. రాజుల వసంతం సుగంధ వ్యాపారంతో ముడిపడగా, ఊరి వసంతం పసుపు సున్నాలతో సరిపెట్టుకుంది. రెండింటిలోనూ వీడ్కోలు మాట పైకి వినిపించదు. వేడుక చివర చల్లే నీళ్ళలో అది దాగి ఉంటుంది.

అది పైకి వినిపించేది అప్పగింతల వేళ. తల్లిదండ్రులు పెళ్ళికూతురి చేతులను పాలలో ముంచి అత్తమామల చేతుల్లో, ఆడబిడ్డల చేతుల్లో, మరుదుల చేతుల్లో ఒక్కొక్కరిగా పెట్టి అప్పగించే తంతు అది. పాలు అరచేతుల నుంచి మోచేతులకు కారుతుండగా, ఒడిలో పోసిన బియ్యం బరువుకు పిల్ల వంగి నిలబడి ఉండగా, వెనుక నుంచి ముత్తయిదువలు పాట ఎత్తుకుంటారు. స్త్రీల రామాయణపు పాటలలో సీతను అత్తవారింటికి పంపే అప్పగింతల పాట ఒకటి ప్రసిద్ధం. జనకుని ఇంట జరిగినది తమ ఇంట జరిగినట్లు, తమ ఇంట జరిగేది జనకుని ఇంట జరిగినట్లు పాడుకోవడం అందులోని పద్ధతి. మగవారి పద్యసాహిత్యం వసంతాన్ని విరహానికి, శృంగారానికి వాడుకుంది. రామరాజభూషణుని వసుచరిత్రలో వసంత వర్ణన పాటలాగా సాగుతుందని పండితులు తరతరాలుగా మెచ్చుకున్నారు. ఆడవారి పాట మాత్రం ఋతువు పేరెత్తకుండానే ఆ ఋతువులో జరిగే అసలైన ఎడబాటును పాడింది. ఈ రెండింటిలో రెండవదే జపాను వీడ్కోలు పాటకు దగ్గరి బంధువు అని చెప్పాలి.

ఇక జపాన్ సంగతి. సకురా అంటే చెర్రీ జాతి చెట్టు; పండు కోసం కాక పువ్వు కోసం పెంచే రకం. ఆ చెట్ల కింద కూర్చుని తిని, తాగి, పాడుకునే వేడుకను హనామి అంటారు, అంటే పువ్వును చూడడం. 12వ శతాబ్దపు బౌద్ధ సన్యాసి, కవి సైగ్యో, వసంతకాలపు పౌర్ణమి వేళ సకురా పూల కింద చనిపోవాలని కోరుకున్నాడు, 1190లో ఇంచుమించు ఆ వేళకే కన్నుమూశాడు. అయితే నేడు జపాన్ అంతటా కనిపించే సోమెయి యోషినో అనే రకం అంత పాతది కాదు. ఎదో నగరం, అంటే నేటి టోక్యో, శివారులోని సోమెయి గ్రామపు తోటమాలులు 19వ శతాబ్దంలో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చారు. విత్తనంతో కాక అంటుకట్టి పెంచుతారు కాబట్టి దేశంలోని ఆ రకం చెట్లన్నీ ఒకే చెట్టు కొమ్మలని చెప్పుకోవచ్చు. అందుకే ఒక ఊరిలోని చెట్లన్నీ ఒకేసారి పూస్తాయి, వారం పది రోజుల్లో ఒకేసారి రాలిపోతాయి. దక్షిణాన మార్చి చివర మొదలైన పూత మే తొలినాళ్ళకు ఉత్తరాన హొక్కైదో చేరుతుంది.

పువ్వు ఇలా సిద్ధంగా ఉండగా, దానికి వీడ్కోలును జతచేసినది ప్రభుత్వం. 1886లో జపాన్ తన ఆర్థిక సంవత్సరాన్ని ఏప్రిల్‌తో మొదలయ్యేట్లు మార్చుకుంది. ఆ తరువాత బడులు ఒక్కొక్కటిగా ఆ లెక్కకు వచ్చాయి, 1920 ప్రాంతానికి విశ్వవిద్యాలయాలూ వచ్చి చేరాయి. దాంతో చదువు ముగియడం మార్చిలో, కొత్త చదువో కొత్త ఉద్యోగమో ఏప్రిల్‌లో. మధ్యలో సకురా పూత. వీడ్కోలు పాటలు అప్పటికే బడిలోకి వచ్చి ఉన్నాయి. ఇసావా షూజీ అనే విద్యాధికారి, అమెరికా నుంచి వచ్చిన లూథర్ వైటింగ్ మేసన్ అనే సంగీత ఉపాధ్యాయుడు కలిసి బడిపిల్లల కోసం సిద్ధం చేసిన పాటల పుస్తకంలో, 1881లో, హొతరు నొ హికరి అనే పాట వచ్చింది. దాని వరుస ఒక స్కాట్లండ్ జానపద గీతానిది. 1884లో అఓగెబ తోతోషి అనే గురువందన గీతం వచ్చింది. దీని వరుస ఎక్కడిదో శతాబ్దానికి పైగా తెలియలేదు. బడి ముగింపు రోజు పాడుకోవడానికి 1871లో అమెరికాలో అచ్చయిన పాటదే ఆ వరుస అని 2011లో ఒక జపాను పరిశోధకుడు తేల్చాడు. పరాయి వరుస, ప్రభుత్వ పుస్తకం, పిల్లల గొంతు, ఈ మూడూ కలిసి ఒక జాతి కంటనీటిని ఒక తేదీకి కట్టాయి.

ఆ పువ్వుకు చీకటి కాలం కూడా ఉంది. రాలే సకురాను సైనికుడి మరణానికి గుర్తుగా యుద్ధకాలపు ప్రభుత్వం వాడుకుంది. నౌకాదళ యువకుల నోట ఒకే కొమ్మన పూసిన సహపాఠుల పేర ఒక పాట నడిచింది. 1945 వసంతంలో యుద్ధానికి దించిన, శత్రునౌకల మీదకు మనిషితో సహా దూకి పేలే విమానానికి ఓకా అని, అంటే సకురా పువ్వు అని, పేరు పెట్టారు. తరువాతి తరాల పాటగాళ్ళకు ఆ పువ్వును తిరిగి మామూలు మనుషుల వీడ్కోలుకు తెచ్చుకోవడం ఎంత పెద్ద పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

అలా తెచ్చుకోవడంలో రైలు స్టేషన్ల పాత్ర ఎక్కువ. యుద్ధం తరువాత, 1954 నుంచి 1975 వరకు, ఈశాన్య జపాను పల్లెల్లో మాధ్యమిక చదువు ముగించిన పిల్లలను మూకుమ్మడిగా టోక్యో కర్మాగారాలకు, దుకాణాలకు తీసుకుపోయే ప్రత్యేక రైళ్ళు నడిచాయి. పదిహేనేళ్ళ పిల్లలను యజమానులు బంగారు గుడ్లు అని పిలుచుకున్నారు. ఆ రైళ్ళు చేరే ఉఎనో స్టేషన్ పేరు మీద 1964లో వచ్చిన పాట ఆ తరానికి ఊరి జ్ఞాపకం అయింది. 1975లో ఇరుకా అనే గాయని పాడి ప్రసిద్ధం చేసిన నగోరి యుకి, అంటే వెళ్ళలేక నిలిచిన చివరి మంచు, స్టేషన్‌లో రైలు కోసం నిలబడిన ఇద్దరి ఎడబాటు పాట. చదువు ముగింపు, వలస, పూత, మూడూ మార్చి చుట్టూనే వచ్చి పడడం వల్ల అక్కడ ఒక్క పాట మూడు దుఃఖాలకు సరిపోయింది.

రాక్ ఈ దారిలోకి వచ్చిన తొలి గుర్తు 1970. హోసోనో హరువోమి, ఓతాకి ఎయిచి, మత్సుమోతో తకాషి, సుజుకి షిగేరు అనే నలుగురు హ్యాపీ ఎండ్ అనే బృందంగా తెచ్చిన తొలి ఆల్బమ్‌లో మొదటి పాట పేరు వసంతమా రా అనే అర్థం గలది; ఇల్లు విడిచి పట్టణానికి వచ్చి కొత్త సంవత్సరాన్ని ఒంటరిగా గడిపే యువకుడు ఇంటి కుంపటిని తలచుకుంటూ వసంతం కోసం చూడడం అందులోని విషయం. రాక్‌ను ఇంగ్లీషులో తప్ప పాడకూడదని వాదించే వారితో అప్పుడు పెద్ద చర్చ నడిచింది, మాతృభాషలో పాడిన ఈ నలుగురి పక్షమే చివరకు నిలిచింది. 1996 ఏప్రిల్‌లో స్పిట్జ్ బృందం తెచ్చిన చెర్రీ, పాతదాన్ని విడిచి ముందుకు పోయేవాడి పాటగా లక్షలమందికి చేరింది. 2000 తరువాత సకురా పేరుతో పాట తేవడం దాదాపు ఏటేటా ఆనవాయితీ అయింది. వాటన్నిటినీ ఇక్కడ ఏకరువు పెట్టనక్కరలేదు.

రెండు పాటల దగ్గర మాత్రం ఆగాలి. 1991లో సైతామా రాష్ట్రం చిచిబులోని కగెమోరి మాధ్యమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు కోజిమా నోబోరు, వెళ్ళిపోతున్న పిల్లల కోసం ఒక పాట రాశాడు, సంగీత ఉపాధ్యాయిని సకమోతో హిరోమి వరుస కట్టింది, ఉపాధ్యాయులు కలిసి పిల్లలకు పాడి వినిపించారు. ఒక్క బడి కోసం, ఒక్కసారి పాడడానికి కట్టిన ఆ పాట, పేరు తబిదాచి నొ హి ని, అంటే బయలుదేరే రోజున, కొద్ది ఏళ్ళలో దేశమంతటి బడులకు పాకి పాత గురువందన గీతాన్ని చాలా చోట్ల పక్కకు నెట్టింది. రెండవది రెమియోరోమెన్ అనే ముగ్గురు సభ్యుల రాక్ బృందం 2004 మార్చి 9న విడుదల చేసిన పాట. దాని పేరే మార్చి 9. స్నేహితుడి పెళ్ళి ఆ తేదీన జరగడం వల్ల ఆ పెళ్ళి కోసం కట్టినది అది. మరుసటి ఏడు ఒక టీవీ ధారావాహికలో పిల్లలు దాన్ని పాడగా, పెళ్ళిపాట కాస్తా బడి వీడ్కోలు పాట అయిపోయింది. పెళ్ళిలో పాడినదే ఎడబాటుకూ సరిపోతుందని తెలుగు ముత్తయిదువలకు ఏనాడో తెలుసు. గిటారు పట్టిన ముగ్గురు జపాను యువకులు వేరే దారిన అదే చోటికి చేరారు.

జపాన్‌లో 1881, 1884, 1886 సంవత్సరాలలో బడి పాట, బడి తేదీ ఒకటవుతున్న ఆ దశకంలోనే బళ్ళారిలో ఇంకొక వీడ్కోలు వేదిక ఎక్కింది. ధర్మవరంలో 1853లో పుట్టి బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, సరసవినోదినీ సభ ద్వారా 1887లో చిత్రనళీయం ప్రదర్శించారు. అడవిలో నిద్రపోతున్న దమయంతిని విడిచి నలుడు వెళ్ళిపోయే కథ అది. తెలుగు నాటకంలో పాటలను, పద్యాలను కలిపి నడిపిన పద్ధతికి, తరువాత విషాద సారంగధరతో దుఃఖాంత నాటకానికి ఆయన ఆద్యుడు; ఆంధ్ర నాటక పితామహుడనే పేరు అందువల్లే వచ్చింది. రాయదుర్గం అప్పుడు బళ్ళారి జిల్లా తాలూకా కాబట్టి, ఈ ఊళ్ళవారికి ఆ నాటకరంగం సొంత జిల్లాదే. అయితే నాటకం వీడ్కోలును అడవికి, శ్మశానానికి, రాజసభకు తీసుకుపోయింది. ఋతువుకు, తేదీకి కట్టలేదు. పద్యాన్ని ఏ నెలలోనైనా పాడవచ్చు, ఎప్పుడు పాడినా జనం ఏడుస్తారు.

ఏప్రిల్ ఒకటి మన దేశానికి జపాన్ కంటే ముందే వచ్చింది. బ్రిటిషువారు తమ దేశపు లెక్కలతో సరిపోవాలని 1867 నుంచి భారత ఆర్థిక సంవత్సరాన్ని ఆ తేదీకి మార్చారు. అయినా ఊరి కరణం దస్త్రం జూలైలో మొదలయ్యే ఫసలీ సంవత్సరం ప్రకారం నడిచింది, రైతు ఏడాది ఏరువాకతో నడిచింది, బడి జూన్‌లో తెరిచింది. చాలా ఊళ్ళలో జీతగాళ్ళ ఒప్పందం ఉగాది నుంచి ఉగాదికి ఉండేది. ఒక ఆసామి ఇంట ఏడాది చేసినవాడు ఉగాదికి లెక్క చూసుకుని ఇంకొక ఇంటికి మారేవాడు. వసంతంలో జరిగిన నిజమైన వీడ్కోలు ఇది. కానీ అందులో కన్నీరు పెట్టుకునేంత అనుబంధం ఎవరికి ఉండేదో చెప్పడం కష్టం, దాని మీద పాటలు కట్టే తీరిక ఆ జీతగాడికి లేదు.

ఇక్కడి పెద్ద వీడ్కోలు వలస. వేరుశనగ పెరికి, కాయ కొట్టి అమ్మగానే, అది పండని ఏడు అంతకు ముందే, పని వెతుక్కుంటూ బెంగళూరుకు, బళ్ళారి వైపు నీటి పారుదల ఊళ్ళకు జనం కదులుతారు. పక్కనున్న పడమటి కర్నూలులో దీన్ని సుగ్గికి పోవడం అంటారు. సుగ్గి అనేది కన్నడ మాట, అసలు అర్థం పంట నూర్పిళ్ళ సంబరం. సంబరం పేరు వలసకు రావడం ఈ నేల చరిత్రను ఒక్క మాటలో చెబుతుంది. జపాను పల్లె పిల్లలు ఒకే నెలలో, ఒకే రైలులో, బ్యాండు మేళం మధ్య వెళ్ళారు. రాయదుర్గం ప్రాంతపు జనం నవంబరు నుంచి వేసవి దాకా, ఇల్లిల్లుగా, రాత్రి బస్సులో, ముసలివారికి తాళం చెవి ఇచ్చి వెళ్ళారు. అందరూ కలిసి వెళ్ళని చోట అందరూ కలిసి పాడే పాట పుట్టదు. ఈ కరువును కావ్యంగా పాడినవాడు తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం. 1956లో అచ్చయిన పెన్నేటి పాటలో ఆయన ఎండిన నదిని, రాయలసీమ పేద కుటుంబపు బతుకును చెప్పారు. అందులో వసంతం కోసం వెతకడం అనవసరం.

సరిహద్దు ఊళ్ళకు వసంతం గురించి ఆలోచింపజేసిన పాట కన్నడం వైపు నుంచి వచ్చింది. ద. రా. బేంద్రే ఉగాది మీద రాసిన గీతాన్ని 1963లో కులవధు చిత్రంలో గుంటూరు సీమలో పుట్టిన ఎస్. జానకి పాడారు. ఏడాది మళ్ళీ మళ్ళీ కొత్తదై వస్తుండగా మనిషికి మాత్రం ఒక్కటే జన్మ ఎందుకన్నది అందులోని ప్రశ్న. సకురా పాటల మూలంలో ఉన్న బాధ సరిగ్గా ఇదే.

బడి వీడ్కోలు ఈ నేలకు ఆలస్యంగా వచ్చింది. దత్తమండల కళాశాల అనంతపురంలో 1916లో, ఇంజనీరింగు కళాశాల 1946లో, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడ్డాయి. ఊరి ఉన్నత పాఠశాలలో పదో తరగతి దాకా చదివే పిల్లలు పెరిగాకే వీడ్కోలు సమావేశం అనే మాట ఇంటింటికీ తెలిసింది. పరీక్షలకు ముందు, వేపచెట్టు చిగురు వేసే రోజుల్లో, తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని పదో తరగతి వారికి మిక్చరు, స్వీటు, పెన్ను ఇచ్చి సాగనంపుతారు. చివరి పరీక్ష రాసి బయటికి వచ్చాక ఒకరి చొక్కా మీద ఒకరు ఇంకు చల్లుకుంటారు. జపాను బడిలో ఇదే రోజున అబ్బాయి తన కోటులో గుండెకు దగ్గరగా ఉండే రెండవ గుండీని తెంపి ఇష్టమైన అమ్మాయికి ఇచ్చే ఆచారం ఉంది. ఇంకు చల్లే పిల్లలకు కొండవీటి వసంతాలు తెలియవు, పెళ్ళిలో అవ్వలు ఆడిన వసంతాలాటా తెలియదు. అయినా వేడుక చివర రంగునీళ్ళు చల్లుకుని విడిపోవడమనే తెలుగు పద్ధతి వారి చేతుల్లోకి ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఇది నేరుగా దిగివచ్చిన ఆచారమని నిరూపించలేకపోయినా, కాకతాళీయమని తోసివేయడం కూడా సబబు కాదు.

ఆ రోజున పాడుకోవడానికి పాటను సినిమా ఇచ్చింది. చెర్రీ వచ్చిన 1996లోనే ప్రేమదేశం చిత్రంలో ఎ. ఆర్. రెహమాన్ కట్టి స్వయంగా పాడిన ముస్తఫా పాట వచ్చింది, కాలేజీ స్నేహానికి అదే గుర్తయింది. మార్చి 9 వచ్చిన 2004లోనే నా ఆటోగ్రాఫ్ చిత్రానికి చంద్రబోస్ రాసిన గుర్తుకొస్తున్నాయి పాట వచ్చి, పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాలన్నిటికీ ప్రారంభగీతం అయింది. 2007 అక్టోబరులో శేఖర్ కమ్ముల హ్యాపీ డేస్ విడుదలైంది. ఇంజనీరింగు కళాశాలలో నాలుగేళ్ళు, చేరిన రోజు నుంచి విడిపోయే రోజు వరకు, అదే కథ, మిక్కీ జె. మేయర్ గిటారు ప్రధానంగా కట్టిన పాటలు. వాటిలో ఓ మై ఫ్రెండ్ వీడ్కోలు సభలకు స్థిరపడింది. జపాను రాక్ వీడ్కోలుకు తెలుగులో సమానమైనది ఏదంటే దీన్నే చూపాలి. తేడా ఒక్కటే: ఇందులో చెట్టు లేదు, నెల లేదు. మన వీడ్కోలు మే ఎండలో, సెమిస్టరు పరీక్షల తేదీలు జరిగి జరిగి ముగిసినప్పుడు వస్తుంది. ప్రకృతి దానితో కలిసిరాదు. బృందంగా పాడే సంప్రదాయం తరువాత వచ్చింది. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం, రామ్ మిరియాల గొంతుతో, ఊరెళ్ళిపోతా మామ అనే పాట తెచ్చింది. అందులో వీడ్కోలు ఊరికి కాదు, పట్టణానికి. వలస వెళ్ళినవాడు వెనక్కి తిరగాలనుకునే పాట అది. బెంగళూరు అపార్ట్‌మెంట్లలో కాపలా పనికి కుదిరిన అనంతపురం మనిషి ఆ పాటను ఫోనులో వింటే, పెన్నేటి పాట తరువాత తన కోసం కట్టిన పాట ఇదేనని అనుకున్నా తప్పులేదు.

జపాన్ వీడ్కోలు పాటల చరిత్రను ఇంత వివరంగా చెప్పగలగడానికి కారణం 1881 నాటి పుస్తకం. పాట అచ్చయింది, తేదీ ఉంది, కట్టినవారి పేరు ఉంది. ఇక్కడి అప్పగింతల పాటలకు ఆ భాగ్యం కొంతే దక్కింది. నేదునూరి గంగాధరం, కృష్ణశ్రీ, బిరుదురాజు రామరాజు వంటివారు పల్లె పాటలను, స్త్రీల పాటలను సేకరించి అచ్చు వేయడం వల్ల తెలుగునాట చాలా పాటలు మిగిలాయి. తెలుగులో మొదలై మధ్యలో కన్నడంలోకి మారే రాయదుర్గం, గుమ్మఘట్ట ప్రాంతపు పాటలు అచ్చులోకి వచ్చినది మాత్రం తక్కువ. పెళ్ళిపందిట్లో మైకు వచ్చాక ముత్తయిదువల గొంతు వెనక్కి పోయింది, అయిదు రోజుల పెళ్ళి ఒక్క పూటకు కుదించుకుపోయాక వసంతాలాట పోయింది. ఆ పాటలు నోటికి వచ్చిన అవ్వలు ఇంకా కొందరు ఉన్నారు. రాబోయే వైశాఖపు పెళ్ళిళ్ళకు వెళ్ళే పాఠకులు అప్పగింతల వేళ మైకు కాసేపు ఆపించి, ఎవరైనా పాట ఎత్తుకుంటే ఫోనులో పూర్తిగా రికార్డు చేసి, పాడినవారి పేరు, ఊరు, తేదీ కాగితం మీద రాసి ఉంచాలని, మాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, దిద్దకుండా రాయాలని ఈ ధారావాహిక పక్షాన మనవి.